సొల్యూషన్ మూసేశాక మొదలయ్యే చదువు

మూడో సెమిస్టర్‌లో థర్మోడైనమిక్స్ పరీక్ష రాసి బయటికి వస్తున్నప్పుడు నాకు చాలా నమ్మకంగా ఉంది. అందులో ఒక ప్రశ్న ఇది. ఒక గట్టి ట్యాంకు ఉంది, లోపల గాలి మొత్తం తీసేశారు. దాన్ని 300 కెల్విన్ దగ్గర గాలి ఉన్న ఒక పైపులైనుకు కలిపి వాల్వు తెరిచారు. లోపలి ప్రెషర్ లైను ప్రెషర్‌తో సమానం కాగానే మూసేశారు. ట్యాంకు గోడల గుండా వేడి రాదు, పోదు. ఇప్పుడు లోపలి గాలి టెంపరేచర్ ఎంత? నేను 300 అని రాశాను. వేడి ఇచ్చిందీ లేదు, తీసిందీ లేదు, అదే గాలి, టెంపరేచర్ ఎందుకు మారుతుంది అనుకున్నాను. జవాబు 420.

మార్కులు పోయిన బాధ రెండు రోజుల్లో తగ్గింది. ఇంకో విషయం మాత్రం చాలాకాలం లోపల గుచ్చుతూనే ఉంది. ఆ లెక్క నాకు కొత్తది కాదు. పరీక్షకు ముందు వారంలోనే దాని సొల్యూషన్ మూడుసార్లు చదివాను. నా నోట్సులో 420 అనే అంకె మీద పసుపు రంగు హైలైటర్ గీత కూడా ఉంది. చదివిన ప్రతిసారీ 'ఆ, ఇది తెలిసిందేగా' అనుకుని పేజీ తిప్పేశాను. తెల్ల కాగితం తీసుకుని ఒక్కసారి కూడా నా అంతట నేను చేసి చూడలేదు.

ఆ తర్వాతే నా చదువును నేను మొదటిసారి అనుమానంగా చూసుకున్నాను. రోజుకు ఐదారు గంటలు పుస్తకం ముందు కూర్చునేదాన్ని. ఆ గంటల్లో ఎక్కువ భాగం సొల్యూషన్లు చదవడానికి, వీడియో లెక్చర్లు చూడటానికి, నోట్సు నీటుగా తిరగరాయడానికి పోయేది. చేతిలో పెన్ను కదులుతూనే ఉండేది కాబట్టి పని జరుగుతోందనే అనుకునేదాన్ని. నేనే ఆలోచించి, ఇరుక్కుని, మళ్లీ బయటపడిన సమయం రోజుకు అరగంట కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఎవరైనా జూనియర్లు వచ్చి "అక్కా, ఈ సబ్జెక్టుకి టైమ్ అస్సలు సరిపోవట్లేదు" అంటే, రోజుకు ఎన్ని గంటలు చదువుతున్నావని నేను అడగను. "నిన్న సొల్యూషన్ మూసేసి మొదటి నుంచి చివరి దాకా నువ్వే చేసిన లెక్కలు ఎన్ని?" అని అడుగుతాను. చాలామంది కాసేపు ఏమీ మాట్లాడరు. వాళ్ల స్థానంలో నేనూ మాట్లాడేదాన్ని కాదు.

ఇంజినీరింగ్ కోర్సులు టైమ్ తింటాయనే మాట నిజమే. ఎంత తింటాయో చాలామంది ఎప్పుడూ కాగితం మీద వేసుకోరు. అమెరికాలోని ఎంఐటీలో ప్రతి సబ్జెక్టు పక్కన మూడు అంకెలు ఉంటాయి: వారానికి క్లాసు గంటలు, ల్యాబ్ గంటలు, బయట సొంతంగా చేయాల్సిన గంటలు. మామూలు సబ్జెక్టుకు ఈ మూడూ కలిపి 12. యూరప్ విశ్వవిద్యాలయాల్లో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. క్లాసులో కూర్చునే సమయం ఇందులో ఒక భాగం మాత్రమే.

వారానికి 12 గంటలు, సెమిస్టర్‌కు 14 వారాలు అనుకుందాం. ఒక్క సబ్జెక్టుకే 168 గంటలు. ఒక వారంలో పగలూ రాత్రీ కలిపి ఉండేవి కూడా సరిగ్గా 168 గంటలే. నిద్ర లేకుండా, తిండి లేకుండా ఒక వారం మొత్తం ఒకే సబ్జెక్టుకు ఇవ్వడంతో సమానం అన్నమాట. అందులో సగం పైగా, అంటే వారానికి ఏడు గంటలు, మనం సొంతంగా చేయాల్సిన పని. దాన్ని చివరికి వాయిదా వేస్తే ఒక్కో సబ్జెక్టుకు 98 గంటలు పోగుపడతాయి. నాలుగు సబ్జెక్టులకు 392. పరీక్షల ముందు పది రోజుల సెలవు దొరికినా, ఆ పది రోజుల్లో ఉండేవి 240 గంటలు. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు కాస్త భయం వేసిన మాట నిజమే. 'చివర్లో కూర్చుంటే అయిపోతుందిలే' అన్న ఆశ కూడా ఆ రోజుతోనే పోయింది. పట్టుదల ఎంత ఉన్నా లేని గంటలు పుట్టుకురావు.

పైగా మన అంచనాలు ఎప్పుడూ తక్కువే వస్తాయి. 1994లో రోజర్ బ్యూలర్, మరో ఇద్దరు పరిశోధకులు సైకాలజీ విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులు అన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. అసైన్‌మెంటు విషయంలో నాది అచ్చం ఇదే కథ. రెండు గంటల్లో అయిపోతుందనుకున్నది ఐదు గంటలు పట్టేది, అదీ ఇవ్వాల్సిన రోజుకు ముందు రాత్రి. ఆ సమయంలో ఇరుక్కుంటే ఎవరినీ అడగలేం. అప్పుడు మిగిలేది ఫ్రెండ్ నోట్సు కాపీ కొట్టడమే. కాపీ కొట్టేవాళ్లలో చాలామందికి బద్ధకం ఉండదు, ఆలస్యంగా మొదలుపెట్టడమే వాళ్లను అక్కడికి తెస్తుంది.

అందుకే నేను ఒక చిన్న మార్పు చేసుకున్నాను. అసైన్‌మెంటు ఇచ్చిన రోజు సాయంత్రమే ముప్పై నిమిషాలు కూర్చునేదాన్ని. పూర్తి చేయాలన్న ఉద్దేశం ఉండదు. ప్రతి ప్రశ్న చదివి, బొమ్మ గీసి, ఏం ఇచ్చారు, ఏం అడిగారు రాసి, మొదటి అడుగు తోస్తే అది వేసి, తోచకపోతే పక్కన ఒక గుర్తు పెట్టి మూసేయడం. ఆ గుర్తులు ఉన్న చోటే నా టైమ్ మొత్తం పోబోతోందని ఆ రోజే తెలిసిపోయేది. మర్నాడు క్లాసులో సరిగ్గా ఆ చోట్ల గురించే చెవి నిక్కబొడుచుకుని వినేదాన్ని. సందేహం అడగడానికి ఐదారు రోజులు చేతిలో ఉండేవి.

గంటలు పరిమితం అని తేలాక ఏదో ఒకటి వదిలేయాలి. నోట్సు అందంగా తిరగరాయడం వదిలేయమంటాను. ఒకే టాపిక్ మీద మూడో వీడియో చూడటం, చాప్టర్‌ను మొదటి నుంచి మళ్లీ చదవడం, రంగురంగుల గీతలు గీయడం కూడా. ఇవన్నీ చదువులాగే ఉంటాయి కాబట్టి ఈ మాట చాలామందికి నచ్చదు. 2013లో జాన్ డన్‌లాస్కీ బృందం చదువుకునే పద్ధతులు పది తీసుకుని, వాటి మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించింది. గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్న వాటిలో తేలాయి. తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మధ్య విడదీసి పరచుకోవడం పైన నిలిచాయి.

ఈ విషయంలో నన్ను బాగా కదిలించిన ప్రయోగం 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసినది. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం గుర్తుంది. రెండోవాళ్లకు 71. వారం తర్వాత చూస్తే చదివినవాళ్లు 40 శాతానికి పడిపోయారు, రాసి చూసుకున్నవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. పరీక్ష ముందు రాత్రి చదివినదంతా పొద్దున గుర్తుండి, వచ్చే సెమిస్టర్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ మొదలయ్యేసరికి ఏమీ మిగలకపోవడానికి కారణం నాకు ఇక్కడ దొరికింది. ఇంజినీరింగ్‌లో ఈ నష్టం రెట్టింపు. ఒక్క సబ్జెక్టూ దానంతట అది ముగిసిపోదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మర్చిపోయినవాళ్లు వైబ్రేషన్స్‌లో, కంట్రోల్ సిస్టమ్స్‌లో ఆ బాకీ తీర్చాల్సిందే.

'అది పాఠం గుర్తుపెట్టుకోవడం, లెక్కలు వేరే కదా' అని ఎవరైనా అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ దీన్ని లెక్కల మీదే చూశారు. నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కట్టడం నేర్పారు. కొందరికి ఒక రకం లెక్కలన్నీ అయ్యాక ఇంకో రకం ఇచ్చారు. మిగతావాళ్లకు నాలుగు రకాలూ కలిపేసి ఇచ్చారు. ప్రాక్టీసు చేస్తున్నప్పుడు మొదటివాళ్లు 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివాళ్లకు 20, కలిపి చేసినవాళ్లకు 63. ఈ నాలుగు అంకెలనూ నేను ఒక కార్డు మీద రాసి టేబుల్ ముందు అతికించుకున్నాను. ప్రాక్టీసులో ఎక్కువ తప్పులు చేసినవాళ్లే పరీక్షలో నిలబడ్డారు.

ఎందుకలా అవుతుందో థర్మో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. చాప్టర్ చివర ఉన్న లెక్కలు చేస్తున్నప్పుడు సగం పని చాప్టర్ పేరే చేసిపెడుతుంది. 'క్లోజ్డ్ సిస్టమ్స్' (లోపలి పదార్థం బయటికి పోని, బయటిది లోపలికి రాని సిస్టమ్స్) చాప్టర్లో ఉన్నాం కాబట్టి ఇది క్లోజ్డ్ సిస్టమే. పరీక్ష పేపర్ మీద ఆ పేరు ఉండదు. ఒక ట్యాంకు ఇస్తారు. ఇది మూసిన ట్యాంకా, నిండుతున్న ట్యాంకా, ఖాళీ అవుతున్న ట్యాంకా? గట్టి గోడలా, కదిలే పిస్టనా? గట్టి ట్యాంకులో గ్యాసును వేడి చేస్తే ఇచ్చిన వేడంతా ఇంటర్నల్ ఎనర్జీ, అంటే గ్యాసు లోపల ఉండే శక్తి, అవుతుంది. ప్రెషర్ మారని పిస్టన్ అయితే అందులో కొంత పిస్టన్‌ను ఎత్తే పనికి పోతుంది. ఫార్ములా పెట్టడం చివరి పని. ఏ ఫార్ములాకు ఇక్కడ చోటుందో తేల్చడమే అసలు పని, దానికే చాప్టర్ వారీ ప్రాక్టీసులో అవకాశం రాదు. నేను ఆ రోజు 300 అని రాసింది కూడా లెక్క తప్పి కాదు. నిండుతున్న ట్యాంకును మూసిన ట్యాంకులా చూశాను.

అందుకని రెండో నెల నుంచి నేను పాత చాప్టర్ల నుంచి మూడు, ఈ వారం నుంచి మూడు లెక్కలు తీసి, విడివిడి చీటీల మీద రాసుకుని, కలిపి తీసేదాన్ని. కొన్ని చీటీలకు పూర్తి లెక్క కూడా చేసేదాన్ని కాదు. సిస్టమ్ ఏది, హద్దు ఎక్కడ, ఏ సూత్రం, ఎందుకు, ఈ నాలుగూ రాసి పక్కన పెట్టేదాన్ని. ఒక్కో చీటీకి నాలుగైదు నిమిషాలు. ఇరవై నిమిషాల్లో నాలుగు చాప్టర్లు కదిలేవి. సర్క్యూట్స్ చదివే నా రూమ్‌మేట్ ఇదే పద్ధతిలో, సర్క్యూట్‌ను విప్పే పద్ధతుల్లో నోడల్ వాడాలా, మెష్ వాడాలా, థెవెనిన్ చేస్తే తేలికవుతుందా అని ఒక్క లైను రాసి ఆపేసేది. తనకు ఇది నాకంటే బాగా పనిచేసింది.

ఇలా చదవడంలో ఒక ఇబ్బంది ఉంది. మనసుకు బాగుండదు. సొల్యూషన్ చదువుతున్నప్పుడు అంతా సాఫీగా సాగుతుంది, తల ఊపుతూ పోతాం. తెల్ల కాగితం ముందు కూర్చుంటే పది నిమిషాల్లోనే 'నాకేం రాదు' అనిపిస్తుంది. ఆ బాధ నుంచి తప్పించుకోవడానికే చేయి మళ్లీ సొల్యూషన్ వైపు వెళ్తుంది. 2019లో హార్వర్డ్‌లో లూయీ డెలోరియే బృందం ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో, మంచి లెక్చర్ విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామని చెప్పారు. క్లాసులో తామే లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లు తక్కువ నేర్చుకున్నామన్నారు. పరీక్షలో మాత్రం రెండోవాళ్లే ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది. మనకు ఎంత వచ్చిందో చెప్పడానికి మన అనుభూతి పనికిరాని కొలత అని నేను గట్టిగా నమ్మడానికి ఇదొక కారణం. సాయంత్రం 'ఈరోజు బాగా చదివాను' అని అనిపించడం, అనిపించకపోవడం రెండూ నేను పట్టించుకోవడం మానేశాను. మూసి చేసిన లెక్కలు ఎన్ని? క్యాలెండర్లో ఆ అంకె ఒక్కటే రాసేదాన్ని. మొదటి వారం చాలా రోజులు సున్నా, ఒకటి, సున్నా.

అలాగని సొల్యూషన్లు చూడనే కూడదని నేను అనను. అలా చెప్పేవాళ్లు కొత్తగా నేర్చుకోవడం ఎలా ఉంటుందో మర్చిపోయారనిపిస్తుంది. ఏమీ తెలియని టాపిక్‌లో తెల్ల కాగితం ముందు రెండు గంటలు కూర్చోవడం వృథా. 1985లో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ ఆల్జీబ్రా మీద చేసిన ప్రయోగాల్లో, కొత్తవాళ్లు చేసి చూపించిన లెక్కలను చదివి, వెంటనే అలాంటి లెక్కను చేసినప్పుడే త్వరగా నేర్చుకున్నారు, అన్నీ సొంతంగా చేయబోయినవాళ్ల కంటే. కాబట్టి కొత్త టాపిక్‌లో మొదటి రెండు మూడు లెక్కలకు సొల్యూషన్ చదవాలి. చదివే తీరులోనే తేడా ఉంది. మిషెలీన్ చీ బృందం 1989లో ఫిజిక్స్ విద్యార్థులను గమనిస్తే, బాగా చేసినవాళ్లు ప్రతి లైను దగ్గరా ఆగి 'ఇది ఎందుకు వచ్చింది' అని తమకు తామే చెప్పుకుంటున్నారు. మిగతావాళ్లు ఎక్కువగా చదువుకుంటూ పోయారు.

నా ట్యాంకు లెక్కలోనే చూడండి. సొల్యూషన్లో ఒక లైను ఉంటుంది: లోపలికి వచ్చిన గాలి ఎంథాల్పీ (ఇంటర్నల్ ఎనర్జీ, గాలిని నెట్టే పని కలిపిన మొత్తం), చివరికి లోపల ఉన్న గాలి ఇంటర్నల్ ఎనర్జీకి సమానం. మూడుసార్లూ ఆ లైను మీద నా కళ్లు జారిపోయాయి. ఒక వైపు ఎంథాల్పీ, ఇంకో వైపు ఇంటర్నల్ ఎనర్జీ ఎందుకు అని ఒక్కసారి అడిగి ఉంటే చాలు. పైపులో వెనకున్న గాలి ముందున్న గాలిని ట్యాంకులోకి నెడుతోంది. నెట్టడం అంటే పని చేయడం. ఆ పని ఎక్కడికీ పోదు, ట్యాంకులోకి వచ్చిన గాలిలోనే ఉండిపోతుంది. బయటికి పోవడానికి దారి లేదు కాబట్టి గాలి వేడెక్కుతుంది. గాలికి ఎంథాల్పీ, ఇంటర్నల్ ఎనర్జీల నిష్పత్తి 1.4, మూడు వందలకు 1.4 రెట్లు నాలుగు వందల ఇరవై. హైడ్రోజన్ కార్ల ట్యాంకు నింపే ముందు గ్యాసును సుమారు మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరచడం కూడా ఈ కుటుంబంలోని సమస్యే. త్వరగా నింపితే ట్యాంకు వేడెక్కిపోతుంది. ఇది అర్థమైన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పసుపు గీత ఎన్నిసార్లు గీసినా అది రాలేదు.

ఇరుక్కున్నప్పుడు ఎంతసేపు ఇరుక్కుని ఉండాలి? నాకు ఇరవై ఐదు నిమిషాలు సరిపోయింది, మీకు ఇంకొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. ఆ సమయంలో ఊరికే చూస్తూ కూర్చోను. బొమ్మ మళ్లీ గీస్తాను. యూనిట్లు చూస్తాను. తేలిక చేసి చూస్తాను, రాపిడి సున్నా అయితే ఏమవుతుంది, బీమ్ మీద ఒక్క లోడే ఉంటే ఏమవుతుంది అని. అప్పటికీ కదలకపోతే, 'నాకు ఈ చోట ఇది తెలియట్లేదు' అని ఒక వాక్యం రాస్తాను. ఈ వాక్యం రాయడం చాలా ముఖ్యం. సగంసార్లు రాస్తుండగానే దారి కనిపిస్తుంది. కనిపించకపోతే సొల్యూషన్ తెరిచి, చేయి అడ్డం పెట్టుకుని, నేను ఆగిన లైను తర్వాతి ఒక్క లైను చూసి మూసేస్తాను. మిగతాది నాదే. చూసిన లెక్క పక్కన తేదీ వేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ మొదటి నుంచి తెల్ల కాగితం మీద చేస్తాను. అది చేయగలిగితేనే ఆ లెక్కను లెక్కలోకి తీసుకుంటాను.

ఇప్పుడు ఫోన్లో ప్రశ్న ఫోటో తీస్తే ఏఐ క్షణాల్లో పూర్తి సొల్యూషన్ ఇస్తోంది. మా రోజుల్లో చేతికందిన సొల్యూషన్ల పుస్తకమే ఇప్పుడు ఇంకా వేగంగా వచ్చింది, ప్రమాదం అదే. దాన్నీ మంచికి వాడొచ్చు. నేను చేసింది మొత్తం ఇచ్చి 'ఏ లైనులో తప్పుందో చెప్పు, సరైనది చెప్పకు' అని అడిగితే అది ఓపికైన ట్యూటర్ అవుతుంది. 'ఈ లెక్క చెయ్యి' అని అడిగితే నేర్చుకునే అవకాశం దానికి అప్పజెప్పినట్టే.

తప్పులకు ఒక పుస్తకం పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను. నాది వంద పేజీల మామూలు పుస్తకం. అందులో సరైన సొల్యూషన్లు రాయలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఒక్క లైను. 'గేజ్ ప్రెషర్‌ను అబ్సల్యూట్ అనుకున్నాను.' 'సెల్సియస్ పెట్టాను, కెల్విన్ పెట్టాల్సింది.' 'ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో సపోర్ట్ దగ్గర రియాక్షన్ మర్చిపోయాను.' 'షియర్ ఫోర్స్ డయాగ్రమ్‌లో పాయింట్ లోడ్ దగ్గర అడుగు దిగలేదు.' రెండు నెలల తర్వాత తిరగేస్తే ఒక సంగతి బయటపడింది. నా తప్పుల్లో చాలా భాగం లెక్క మొదటి మూడు లైన్లలోనే ఉన్నాయి. కష్టమైన ఇంటిగ్రేషన్లలో నేను అనుకున్నంత తప్పులు చేయట్లేదు. అప్పటిదాకా నేను బలహీనం అనుకుని మ్యాథ్స్ మీద గంటలు పోశాను, పోయాల్సింది బొమ్మ గీయడం మీద. ఆ పుస్తకం లేకపోతే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. పరీక్ష ముందు రాత్రి నేను చదివిందీ ఆ పుస్తకం ఒక్కటే.

ఇప్పటికే వెనకబడి ఉన్నవాళ్లకు ఒక మాట. మూడు వారాల సిలబస్ పోగుపడితే చాలామంది చేసే పని, మొదటి చాప్టర్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం. ఆ లోపు క్లాసు ఇంకో వారం ముందుకు పోతుంది. రోజూ క్లాసులో కూర్చుని ఏమీ అర్థం కాక, అక్కడా టైమ్ పోతుంది, ఇక్కడా పోతుంది. ఈ వారం నుంచి మొదలుపెట్టండి అంటాను. ఈ వారం అసైన్‌మెంటులో మొదటి లెక్క తీసుకోండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ వెనక్కి వెళ్లి, అవసరమైన రెండు పేజీలు మాత్రమే చదివి మళ్లీ రండి. ఇలా వెళ్తే వెనకటి సిలబస్ మొత్తం అవసరం లేదని, అందులో ఐదారు ముఖ్యమైన ఆలోచనలే మళ్లీ మళ్లీ వస్తున్నాయని తెలుస్తుంది. మిగతా ఖాళీలను తర్వాత నింపుకోవచ్చు. ఇది నీటుగా ఉండే పద్ధతి కాదు. వరస తప్పుతుంది, మనసు ఒప్పుకోదు. క్లాసుతో మళ్లీ కలవడం మాత్రం ఇలాగే కుదిరింది నాకు, ఒకసారి మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్‌లో, ఇంకోసారి సిగ్నల్స్‌లో.

కలిసి చదువుకోవడం మంచిదా చెడ్డదా అని అడుగుతుంటారు. ఏ క్రమంలో కలుస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. 1970ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ క్యాంపస్‌లో యూరి ట్రైస్‌మన్, కాల్క్యులస్‌లో కొందరు ఎందుకు బాగా చేస్తున్నారు, కొందరు ఎందుకు వెనకబడుతున్నారు అని విద్యార్థుల వెంట ఉండి చూశాడు. వెనకబడుతున్నవాళ్లలో తెలివికీ కష్టానికీ కొరత లేదు, వాళ్లు ఒంటరిగా చదువుతున్నారు. బాగా చేస్తున్నవాళ్లు ముందు ఎవరికి వారు చేసి, తర్వాత కలిసి కూర్చుని జవాబులు సరిచూసుకుంటున్నారు, తప్పులు పట్టుకుంటున్నారు. అది చూసి ఆయన వర్క్‌షాపులు పెట్టాడు, వాటిలో తేలిక లెక్కలు కాకుండా కష్టమైనవే ఇచ్చాడు. ఒక్కరూ ముందు చేయకుండా నలుగురు కలిస్తే, ఆ గుంపులో అందరికంటే చురుకైన ఒకరు నేర్చుకుంటారు, ముగ్గురు చూస్తారు. నేను చాలాకాలం ఆ ముగ్గురిలో ఒకదాన్ని.

ల్యాబ్ రికార్డుల గురించి ఎక్కువ చెప్పను. ప్రయోగం చేసిన రోజే గ్రాఫు గీసేస్తే గంటలో అయిపోయేది, వారం తర్వాత గీస్తే మూడు గంటలు పడుతుంది, ఏ రీడింగ్ ఏమిటో గుర్తుండదు కాబట్టి. నిద్ర గురించి కూడా ఒక్క మాటే. రాత్రంతా మేల్కొని చదివిన రోజుల్లో నా తప్పుల పుస్తకం నిండా యూనిట్ల తప్పులే.

పోయిన నెల మా పిన్ని కొడుకు థర్మో చదువుతూ ఫోన్ చేశాడు. ట్యాంకు లెక్క. సొల్యూషన్ పంపించమన్నాడు. పంపలేదు. "నువ్వు ఎక్కడ ఆగావో ఫోటో తీసి పంపు" అన్నాను. కాస్త కోపం వచ్చినట్టుంది, ఫోన్ పెట్టేశాడు. గంట తర్వాత ఫోటో వచ్చింది. 300 అని రాసి ఉంది, నాలాగే. "గాలిని లోపలికి ఎవరు నెట్టారు?" అని మెసేజ్ పెట్టాను. ఆ రాత్రి జవాబు లేదు. మర్నాడు పొద్దున మళ్లీ ఫోన్.

"అక్కా, 420 వచ్చింది. కానీ ట్యాంకు ముందే పూర్తిగా ఖాళీ కాకుండా, సగం ప్రెషర్‌లో గాలి ఉంటే?"

ఆ ప్రశ్న పుస్తకంలో లేదు. నేనూ ఎప్పుడూ చేసి చూడలేదు. "ఆ గాలి కూడా 300 దగ్గరే ఉందా?" అన్నాను. ఉందన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరం చెరో కాగితం తీసుకున్నాం. మొదట్లో ఉన్న గాలి, కొత్తగా వచ్చిన గాలి, చివరికి మొత్తం గాలి, మూడూ విడివిడిగా రాశాం. మధ్యలో నేను ద్రవ్యరాశి ఒక చోట తప్పు వేశాను, వాడు పట్టుకున్నాడు. పావుగంట తర్వాత వాడికి 350 వచ్చింది. నాకు ఇంకా రాలేదు.

"చెప్పేశావుగా, ఆగు," అన్నాను, "నన్ను కూడా పూర్తి చేయనివ్వు."